కోటలో గోడ లేపేముందు

బిడ్డా,

మీ నాన్న ఇంటిని నీ సంపాదనతో బాగు చేయిస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెబితే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా అన్న ఉండి ఉంటే వాడకట్టంతా తిరిగి చెప్పుకునేవాడు. ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. పక్కింటి వాళ్లతో మాటామాటా పెరిగిందట, సోమవారం నుంచి ఐదడుగుల ప్రహరీ లేపుతున్నావట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే "సరే అత్తా, చూస్తాలే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

దస్తావేజులో నాలుగు హద్దులు చదువు. మీ తాత పేరు మీది పాత ఇంటిపన్ను రసీదులు అమ్మ ట్రంకుపెట్టెలో ఉంటాయి, తీసి పెట్టుకో. సర్వేయర్‌తో కొలతలు వేయించేటప్పుడు పక్కింటి వాళ్లను తప్పకుండా పిలువు. వాళ్లు లేకుండా కొలిస్తే ఆ కొలత మీదే మళ్లీ కొట్లాట.

ఇక అసలు సంగతి. మనం ఉండేది ఖిలా వరంగల్‌లో. గణపతిదేవుడు మొదలుపెట్టి, రుద్రమదేవి పూర్తి చేసిన రాతికోట ఇది. రాష్ట్ర రాజముద్రలో ఉన్న తోరణం మన ఇంటినుంచి నడిచి వెళ్లేంత దూరం. హన్మకొండ కాలనీలో పునాది తవ్వినట్టు ఇక్కడ తవ్వడానికి లేదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షించే కట్టడాల చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతి ఉంటేనే కట్టాలి. ఆ 100 మీటర్లు తోరణం నుంచి లెక్కపెట్టకు. రక్షిత స్థలం హద్దు ఎక్కడ ముగుస్తుందో అక్కడినుంచి లెక్క. చాలామంది పొరబడేది ఇక్కడే. 2010లో చట్టం సవరించాక, మీరితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 1992 జూన్ 16 కన్నా ముందునుంచీ ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన ఇల్లు అంతకన్నా పాతదే కాబట్టి కప్పు పనికి ఆ దారి ఉంది. కొత్త ప్రహరీ దానికిందికి రాదు. "ఏం కాదమ్మా, అందరూ కడుతున్నారు" అంటాడు మేస్త్రీ. మాకూ అదే చెప్పాడు.

నీకు ఇది ఎప్పుడూ చెప్పలేదు. 1998 ఎండాకాలం. అప్పుడు మేమూ కోటలోనే, నీకు రెండు వీధుల అవతల ఉండేవాళ్లం. మాకూ పక్కింటికీ నడుమ ఐదడుగుల సందు. వాళ్ల బర్రెలు అందులోంచే పోయేవి, పేడా మురుగూ మా గడపదాకా వచ్చేవి. ఒకరోజు నేను నోరు చేసుకున్నా. ఆ కోపంలోనే శనివారం పొద్దున్నే మేస్త్రీని పిలిపించా. సోమవారం ఆఫీసులు తెరిచేలోపు గోడ నిలబడిపోవాలని నా ఆలోచన. మీ మామ వద్దంటూనే ఉన్నాడు. మూరెడు లోతు తవ్వగానే తామర రేకులు చెక్కిన రాయి ఒకటి బయటపడింది. ఎవరికైనా చెబితే పని ఆగిపోతుందని, మట్టి కప్పి దానిమీదే పునాది వేయమన్నాను.

గోడ నడుమెత్తు లేచేసరికి పని ఆపమని నోటీసు వచ్చింది. ఆపేశాం. కూల్చడానికి మాత్రం పౌరుషం అడ్డొచ్చింది. ఫిర్యాదు చేసింది పక్కింటి ముసలాయనేనని నాకు నేనే తేల్చేసుకుని వాళ్లతో మాట మానేశా. ఆరేళ్లు. బతుకమ్మ ఆడేటప్పుడు వాళ్ల కోడలు బతుకమ్మ పెట్టిన చోట నాది పెట్టలేదు.

ఆరో ఏడు ఆ ముసలాయన పోయాడు. వాళ్ల ఇంటికి ఆ సందొక్కటే దారి. మా సగం గోడ పోను మిగిలింది మూడడుగులు. పాడె తిరగలేదు. మోసేవాళ్లు తలలపైకి ఎత్తి, మా గోడమీదుగా దాటించారు. మీ మామ గుమ్మంలోనే నిలబడ్డాడు. భుజం పట్టమని ఆయన్ను ఎవరూ పిలవలేదు, ఆయన కాలూ కదల్లేదు. నేను తలుపు చాటునుంచి చూశా.

దినాలయ్యాక ఆ కోడలే మా ఇంటికొచ్చింది. "ఫిర్యాదు మేం చేయలేదక్కా. ఆ వారం కోటంతా తిరిగి చూశారు, ఇంకో మూడిళ్లకూ నోటీసులిచ్చారు. మా మామ పోయేదాకా 'నేనేం తప్పు చేసిన' అని అడిగేవాడు" అంది. మర్నాడే గోడ కూల్పించాం. ఆ రాయి మాత్రం ఇంకా మట్టిలోనే ఉంది.

నీ కోపం మన ఇంటి కోపమే, నాకు తెలుసు. చిన్నప్పుడు బొమ్మ విరిగితే రెండు రోజులు అన్నం మానేసినదానివి. కానీ నిన్ను సతాయించేది వాళ్ల మురుగునీళ్లు. గోడ కడితే నీళ్లు ఆగవు, ఇంకో చోటునుంచి వస్తాయి. వాళ్లతో కలిసి కాలువ సంగతి కార్పొరేషన్‌లో అడుగు. ఇంకోటి, వాళ్లు 20 ఏళ్లకు పైగా ఏ అడ్డూ లేకుండా అందరికీ తెలిసేలా నువ్వు గోడ లేపే చోటునుంచి నడుస్తుంటే, స్థలం నీ పేరునే ఉన్నా వాళ్లకు దారి హక్కు ఉండొచ్చు. వకీలుకు కాగితాలు చూపించు. ఆడవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆదాయం చూడకుండానే ఉచితంగా వకీలును ఇస్తుంది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. ప్రతి ముక్కా చదివాకే సంతకం పెట్టు.

మరుగు కావాలంటే తొలకరికి గోరింట కొమ్మలు వరసగా నాటుకో. మీ నాయనమ్మ అట్లనే కంచె వేసింది. ఆషాఢంలో రెండిళ్ల ఆడపిల్లలూ అందులోంచే ఆకు కోసుకునేవాళ్లు. దానికి కూడా పురావస్తు శాఖ ఆఫీసులో ఒక మాట అడిగి, జవాబు రాతలో తీసుకో. పలుగు ఎక్కడ దించినా, రాయి తగిలితే అక్కడే ఆపి కబురు పెట్టు. కప్పేయకు బిడ్డా.

మేస్త్రీకి ఇవాళే ఫోన్ చేసి సోమవారం రావద్దని చెప్పు. అడ్వాన్సు పోతే పోనీ, నేనిస్తా. ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నా, సర్వపిండి చేసి తెస్తా. నాలుగు ఎక్కువే చేస్తా, పక్కింటికి ఇద్దరం కలిసి పోదాం.

మీ అత్త