మెయిన్‌ఫ్రేమ్‌లో వేశారని ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మా అబ్బాయి సీఎస్‌ఈ చదివి నిరుడు ఐటీ కంపెనీలో చేరాడు. మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటి పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) సిస్టమ్స్ టీమ్‌లో వేశారు. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాముల వేగం పెంచే ఆప్టిమైజర్‌ను ఇప్పుడు ఇన్‌స్టాల్ చేస్తున్నారట. ‘ఇదంతా పాత చింతకాయ పచ్చడి, ఫ్రెండ్స్ అంతా ఏఐలో ఉన్నారు, మానేస్తా’ అంటున్నాడు. ఏం చెప్పమంటారు?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఈ ఇన్‌స్టాలేషన్ మొదటి నుంచి చివరిదాకా తన చేత్తో చేసేవరకైనా ఆగమనండి. మెయిన్‌ఫ్రేమ్‌కు వెళ్లే ఫ్రెషర్లలో చాలామందికి దక్కేది పాత కోబాల్ ప్రోగ్రాముల మెయింటెనెన్స్. మీవాడికి సిస్టమ్స్ ప్రోగ్రామింగ్, అంటే మెయిన్‌ఫ్రేమ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను వేసి చూసుకునే పని, దొరికింది. అది సీనియర్ల పక్కన కూర్చుని నేర్చుకునే పని, కోచింగ్ సెంటర్లో దొరకదు.

బ్యాంకులు, బీమా సంస్థల కోబాల్ ప్రోగ్రాములు చాలావరకు ఏనాడో కంపైల్ చేసినవి, అంటే అప్పటి మిషన్ భాషలోకి మార్చినవి. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ మిషన్లు మాత్రం మారిపోయాయి: 2017లో జెడ్14, 2019లో జెడ్15, 2022లో జెడ్16. కొత్త ప్రాసెసర్‌లో వచ్చిన ఇన్‌స్ట్రక్షన్లు పాత కోడ్‌కు తెలియవు. ఐబీఎం ఆటోమేటిక్ బైనరీ ఆప్టిమైజర్ లాంటివి సోర్స్‌ను (ప్రోగ్రామర్ రాసిన అసలు కోడ్‌ను) ముట్టుకోకుండానే, కంపైల్ అయిన మాడ్యూల్‌ను కొత్త మిషన్‌కు తగ్గట్టు మార్చి ఇస్తాయి. మెయిన్‌ఫ్రేమ్‌లో చాలా సాఫ్ట్‌వేర్ల బిల్లు నాలుగు గంటల సగటు వాడకం నెలలో ఎక్కడ గరిష్ఠానికి చేరిందో చూసి వేస్తారు. ఆ రద్దీ వేళ నడిచే జాబుల్లో (కంప్యూటర్‌కు అప్పగించే పనుల్లో) సీపీయూ వాడకం తగ్గితే బిల్లూ తగ్గుతుంది. అందుకే ఈ పని పైవాళ్ల కళ్లలో పడుతుంది.

ఇక ఇన్‌స్టాలేషన్ అంటే నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ నొక్కడం కాదు. మెయిన్‌ఫ్రేమ్‌లో సాఫ్ట్‌వేర్ వేసే టూల్ ఎస్ఎంపీ/ఈ లో ముందు రిసీవ్ (ప్యాకేజీని లోపలికి తీసుకోవడం), ఆ తర్వాత అప్లై చెక్ (వేసే ముందు రిహార్సల్). ఈ చెక్ సిస్టమ్‌లో ఏదీ మార్చదు. ఏ పీటీఎఫ్ (కంపెనీ ఇచ్చే సవరణ) లేదో, ఏ హోల్డ్ (ముందు చూసుకోవాల్సిన హెచ్చరిక) అడ్డుపడుతోందో మాత్రం చెబుతుంది. ఆ రిపోర్టును ఓపిగ్గా చదవగలిగితే సగం పని వచ్చినట్టే. అప్లై అయ్యాక తేడా వస్తే రీస్టోర్‌తో వెనక్కి రావచ్చు. యాక్సెప్ట్ (మార్పును ఖాయం చేయడం) చేశాక ఆ దారి మూసుకుపోతుంది. అందుకే జాగ్రత్తపరులు కొన్నాళ్లు టెస్ట్ సిస్టమ్‌లో నడిపి చూశాకే యాక్సెప్ట్ చేస్తారు. ఆప్టిమైజ్ చేసిన ప్రోగ్రాము పాతదాని అవుట్‌పుట్‌నే ఇస్తోందా, ఎస్ఎంఎఫ్ 30 రికార్డుల్లో (ప్రతి జాబు వాడకాన్ని సిస్టమ్ రాసుకునే లెక్కల్లో) సీపీయూ సమయం నిజంగా తగ్గిందా అని పోల్చి చూడటం కూడా తనకే అప్పగించమని మేనేజర్‌ను అడగమనండి. నా దృష్టిలో అసలు చదువు అక్కడే ఉంది.

ఇబ్బందులూ ఉన్నాయి. జావాకు ఉన్నన్ని ఓపెనింగ్స్ దీనికి ఉండవు. మార్పులు ఎక్కువగా రాత్రిళ్లు, శని ఆదివారాల్లో చేస్తారు. గణితం మీద నిజంగా ఇష్టముండి ఏఐ వైపు వెళ్తానంటే అడ్డుపడకండి. ఫ్రెండ్స్‌ను చూసి మాత్రం వద్దు. ఆ మాటకొస్తే జెడ్16లోని టెలమ్ ప్రాసెసర్‌లోనే ఏఐ యాక్సిలరేటర్ (ఏఐ లెక్కలను వేగంగా చేసే భాగం) ఉంది. లావాదేవీ జరుగుతుండగానే మోసాన్ని పసిగట్టడం దాని ముఖ్యమైన ఉపయోగాల్లో ఒకటి.

ఇంట్లో ప్రాక్టీస్‌కు ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్ అనే ఆన్‌లైన్ శిక్షణ ఉచితం. మామూలు కంప్యూటర్‌లోనే మెయిన్‌ఫ్రేమ్‌ను అనుకరించే హెర్క్యులిస్ ఎమ్యులేటర్‌లో పాత ఎంవీఎస్ 3.8జె ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే ఎస్ఎంపీ/ఈకి ముందు రూపమైన ఎస్ఎంపీ దొరుకుతుంది, రిసీవ్, అప్లై, యాక్సెప్ట్ వరుస అందులోనూ అదే. ఏడాది తర్వాత వేరే కంపెనీ చూసుకున్నా సరే, రెజ్యూమేలో ‘మెయిన్‌ఫ్రేమ్ సపోర్ట్’ అని వదిలేయకుండా, ఏ ప్రోడక్ట్‌ను ఇన్‌స్టాల్ చేశాడో, ఏ జాబులో సీపీయూ ఎంత తగ్గిందో రాసుకోమనండి.