పళ్ల కోసం కట్టిన రాతి బజారు

ప్రశ్న: హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా మొజంజాహి మార్కెట్‌లో ఐస్‌క్రీం తింటుంటాం. అది ఒకప్పుడు పళ్ల మార్కెట్ అని మా మామయ్య అంటుంటారు. కోటలాంటి ఆ రాతి కట్టడాన్ని నిజంగా పళ్లు అమ్మడానికే కట్టారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ మామయ్య చెప్పింది నిజమేనండి. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాత, రోడ్లు వెడల్పు చేసి బజార్లను పద్ధతిగా కట్టించడానికి 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఆ బోర్డుకు అధ్యక్షుడిగా పనిచేసిన మొజం జా, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కుమారుడు. 1935లో కట్టిన ఈ మార్కెట్‌కు ఆయన పేరే పెట్టారు.

ఈసారి వెళ్లినప్పుడు ఐస్‌క్రీం కప్పు చేతికి రాకముందే ఒకసారి గడియార గోపురం ఎదుట నిలబడి చూడండి. రోడ్లు కలిసే మూలన గోపురం, అక్కడి నుంచి రెండు రోడ్ల వెంట చేతులు చాచినట్టు సాగే దుకాణాల వరుసలు, వాటి నడుమ విశాలమైన ఆవరణ కనిపిస్తాయి. ఏ దిక్కు నుంచి వచ్చేవారికైనా గోపురమే గుర్తు. గోడలకు సున్నం పూయకుండా గ్రానైట్ రాయిని రాయిగానే వదిలేశారు. 1939లో పూర్తయిన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలోనూ ఈ రాతి గాంభీర్యమే కనిపిస్తుంది. దుకాణాల ఎత్తయిన పైకప్పుల కింద వేడిగాలి పైకి పోతుంది కనుక, ఎండాకాలంలో పళ్లు నిల్వ ఉంచే చోటికి అంతకన్నా తగిన కట్టడం ఉండదని నా అభిప్రాయం.

1980ల్లో పళ్ల టోకు వ్యాపారం గడ్డిఅన్నారానికి తరలిపోయింది. అయినా పండు ఈ ఆవరణను పూర్తిగా విడిచిపోలేదు: మీరు తినే సీతాఫలం, మామిడి ఐస్‌క్రీంలు ఆ పాత వ్యాపారానికి చుట్టాలే. అత్తరు, పాన్ దుకాణాలూ ఇక్కడ తరాలుగా సాగుతున్నాయి.

మధ్యలో కొన్ని దశాబ్దాలు రేకుల పందిళ్లు, బోర్డులు, వైర్లు కమాన్లను కప్పేశాయి. 2018లో మొదలైన మరమ్మతుల్లో వాటిని తొలగించి, రాతిని శుభ్రం చేసి, 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించారు. దుకాణదారులను ఖాళీ చేయించి ప్రదర్శనశాలగా మార్చకుండా, బజారును బజారుగానే నిలిపినందుకు ఆ పనిని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. మీ మామయ్యనూ వెంట తీసుకెళ్లి, ఏ కమాను కింద ఏ పండు అమ్మేవారో అడిగి రాసిపెట్టుకోండి. ఆ వివరాలు రాళ్ల మీద ఉండవు.