‘యెస్’ అంటే చాలనుకున్న రోజులు

అమెరికాకు కొత్తగా వచ్చిన మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది యాస గురించి. దానికి బెంగ పడకండి. ఇరవై ఏళ్ళు దాటినా నా గుంటూరు యాస పోలేదు, దానివల్ల ఉద్యోగమూ పోలేదు. చిక్కల్లా మనకు వచ్చేసిందనుకున్న చిన్న మాటలతోనే.

వచ్చిన కొత్తలో ఆఫీసు క్యాంటీన్లో ఒకావిడ నా టేబుల్ దగ్గరకొచ్చి ‘వుడ్ యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?’ అంది. నేను మహా మర్యాదగా ‘యెస్, యెస్!’ అన్నాను. పాపం ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అక్కడ మైండ్ చేయడమంటే అభ్యంతరపడటం. ‘కూర్చుంటే మీకేమైనా అభ్యంతరమా?’ అని తెలుగులో అడిగితే ‘ఉంది, ఉంది’ అంటామా? ‘అబ్బే, లేదండీ’ అంటాం. ఇంగ్లీషులోనూ అంతే, ‘నాట్ ఎట్ ఆల్’ అనాలి. అప్పుడు తెలుగులో ఆలోచించి ఉంటే బాగుపడేవాణ్ణి.

కానీ ఇంకోచోట ఆ తెలుగే నన్ను ముంచింది. ఒక శుక్రవారం సాయంత్రం మేనేజరు ‘సో, యూ హావెంట్ సెంట్ ది రిపోర్ట్ యెట్?’ అన్నాడు. అయితే ఇంకా పంపలేదన్నమాట, అని. ‘యెస్’ అన్నాను. నా మనసులో ఉన్నది ‘అవునండీ, పంపలేదు’. ఆయనకు వినిపించింది ‘పంపేశాను’. సోమవారం పొద్దున ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. మన ‘అవును’ ఎదుటివాడి మాట నిజమని ఒప్పుకుంటుంది. ఇంగ్లీషు ‘యెస్’ ఎదుటివాడు ఎలా అడిగాడో పట్టించుకోదు, పని జరిగిందా లేదా అన్నదే చూస్తుంది. పంపితే యెస్, పంపకపోతే నో. నోరు తిరిగేదాకా ఒక్క ముక్కతో ఆపకండి. ‘నో, ఐ హావెంట్’ అని పూర్తిగా చెప్పండి.

మీటింగులో ‘ఐ హావ్ ఎ డౌట్’ అనకండి, ‘క్వశ్చన్’ అనండి. వీళ్ళకు డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. ఇంటర్వ్యూలో ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అంటే ఆ ఏడాది స్పృహ తప్పి పడిపోయారనుకుంటారు. గ్రాడ్యుయేట్ అయ్యానని చెప్పండి.

ఇంత విన్నాక, తప్పులన్నీ మనవే అనుకునేరు. రోజుకు వందసార్లు వినే ‘ఓకే’ పుట్టిందే తప్పు స్పెల్లింగులోంచి. మాటల్ని కావాలని తప్పుగా రాసి పొడి అక్షరాలు చేయడం అప్పట్లో పత్రికల్లో ఒక సరదా. 1839 మార్చిలో బోస్టన్ పత్రిక ఒకటి ‘ఆల్ కరెక్ట్’ను అలా ఓ, కే అని అచ్చేసింది. మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో వాన్ బ్యూరెన్ మనుషులు ఆయన సొంతూరు పేరుమీద ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అంటూ అవే అక్షరాలతో ప్రచారం చేశారు. ఆయన ఓడిపోయాడు. మాట మాత్రం నిలిచింది.

నాకు బాగా ఇష్టమైనది ‘రెయిన్ చెక్’. దీపావళి భోజనానికి పిలిస్తే మా ఆఫీసాయన ‘కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్?’ అన్నాడు. ఇంట్లో చెబితే మా ఆవిడ, ‘మబ్బే లేదు కదండీ, వానేమిటి?’ అంది. ఇది బేస్‌బాల్ మాట. 1880ల నాటికే, వానకు ఆట ఆగిపోతే ఇంకో రోజు చూడటానికి ఇచ్చే చీటీని అలా పిలిచేవాళ్ళు. ఇక్కడ చెక్ అంటే బ్యాంకు చెక్కు కాదు, ఆ చీటీయే. ఇప్పుడు కుదరదు, మరోసారి పిలవండి అని అర్థం. ఒక్కోసారి మన ‘చూద్దాం లెండి’ లాగా, మర్యాదగా తప్పించుకోవడం కూడా. ఏది ఏదో మొహం చూసి పట్టుకోవాలి.

ఈయనది తప్పించుకోవడం కాదు. సంక్రాంతికి వచ్చి తొమ్మిది గారెలు తిని వెళ్ళాడు.