సరిహద్దులు దాటే పరిశోధనకు గ్రాంటు

ప్రశ్న: గల్ఫ్ వీసాల మోసాలపై దుబాయిలోని ఒక విలేకరితో కలిసి జగిత్యాల నుంచి పరిశోధన చేయదలిచాను. విదేశీ గ్రాంటుకు దరఖాస్తు చేయవచ్చా?

జవాబు: వాషింగ్టన్‌లోని పులిట్జర్ సెంటర్ వంటి సంస్థలు అన్ని దేశాల విలేకరుల ప్రతిపాదనలనూ పరిశీలిస్తాయి గాని, మీరు ముందుగా చూడవలసింది మన చట్టాన్ని. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టంలోని 3వ సెక్షన్, రిజిస్టరైన వార్తాపత్రికల విలేకరులు, కాలమిస్టులు, సంపాదకులు విదేశీ విరాళం స్వీకరించడాన్ని నిషేధిస్తోంది. గ్రాంటులో చేసిన పనికి వచ్చే పారితోషికం ఎక్కడ ముగిసి విరాళం ఎక్కడ మొదలవుతుందో తేల్చడం తేలిక కాదు కనుక, సంతకం పెట్టే ముందు ఒప్పంద పత్రాన్ని న్యాయవాదికి చూపించి తీరాలి.

ఇక ప్రతిపాదనలో ‘మోసాలపై పరిశోధిస్తాం’ అంటే చాలదు. ఏజెంటు రాసిచ్చిన రసీదు, ఉద్యోగ వీసా అని చెప్పి అంటగట్టిన విజిట్ వీసా నకలు, విదేశీ ఉద్యోగాల ఏజెంట్లు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్ జాబితాలో ఆ ఏజెంటు పేరు లేదన్న ఆధారం చేతిలో ఉంటే విషయం కళ్లకు కడుతుంది. ప్రచురణకు ఒక సంపాదకుడి హామీ లేఖ కూడా సంపాదించండి. ఖర్చుల పట్టికలో టికెట్లు, అనువాదకుడి రుసుముతో పాటు మీ ఇద్దరి శ్రమకూ విలువ కట్టండి. మన విలేకరులు ఇక్కడే మొహమాటపడతారు, అది తగదు. బాధిత కార్మికుల పేర్లను మాత్రం దరఖాస్తులో ఎక్కడా రాయకండి.