పదకొండు గంటలకే నీరసం వస్తోంది.. అల్పాహారంలో ఏం మార్చుకోవాలి?

ప్రశ్న: డాక్టర్‌గారూ, నా వయసు 46 సంవత్సరాలు. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. ఇటీవల చేయించుకున్న రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (రక్తంలో గ్లూకోజ్ సగటును తెలిపే కొలత) 6.1 శాతం వచ్చింది. మందులేవీ అవసరం లేదు గానీ ఆహారం విషయంలో జాగ్రత్తగా ఉండమన్నారు. ఉదయం తీరిక లేక జామ్ రాసిన రెండు బ్రెడ్ ముక్కలు తిని, చక్కెర వేసిన టీ తాగి బయలుదేరతాను. పదకొండు గంటలకల్లా నీరసం వచ్చి బిస్కెట్లు తినాల్సి వస్తోంది. రాత్రి తొమ్మిదిన్నర దాటాక కడుపునిండా భోంచేస్తాను. పడుకోగానే ఛాతీలో మంట మొదలవుతుంది. అల్పాహారం పూర్తిగా మానేయడమే మంచిదని స్నేహితురాలు చెబుతోంది. ఇంట్లో తక్కువ సమయంలో వండుకోదగిన అల్పాహారం, రాత్రికి తేలికపాటి భోజనం సూచించగలరు.
- ఒక పాఠకురాలు

జవాబు: హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే మధుమేహానికి ముందు దశగా, 6.5 శాతం లేదా అంతకు మించితే మధుమేహంగా పరిగణిస్తాం. మీరు ముందు దశలో ఉన్నారు. ఆహారాన్ని, నడకను, బరువును సరిచేసుకుంటే ఎక్కువ ప్రయోజనం కనిపించేది ఈ దశలోనే. అమెరికాలో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేయడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం మేర తగ్గినట్లు అందులో తేలింది. కాబట్టి మీరు వంటింట్లో చేసుకునే మార్పును చిన్న విషయంగా చూడకండి.

పదకొండు గంటల నీరసానికి కారణం చాలావరకు మీ ఉదయపు పళ్లెంలోనే ఉంది. మైదా బ్రెడ్, జామ్, తీపి టీ మూడూ త్వరగా జీర్ణమై గ్లూకోజ్‌గా మారిపోయేవే. రక్తంలో గ్లూకోజ్ వేగంగా పెరగడంతో ఇన్సులిన్ కూడా ఎక్కువగా విడుదలవుతుంది, ఆ తర్వాత గ్లూకోజ్ అంతే త్వరగా దిగివస్తుంది. ఆకలిని ఎక్కువసేపు ఆపగలిగే మాంసకృత్తులు, పీచు ఆ భోజనంలో చాలా తక్కువ. అందుకే తిన్న రెండు మూడు గంటలకే శరీరం మళ్లీ తీపిని కోరుతోంది.

అల్పాహారం మానేయడం అందరికీ హాని చేస్తుందని నేను చెప్పను. ఉదయం ఆకలి వేయనివారు, మధ్యాహ్నం సమతుల భోజనం చేయగలిగినవారు కొంత ఆలస్యంగా తిన్నా ఇబ్బంది ఉండదు. మీ విషయం వేరు. ఇప్పుడు ఏదో ఒకటి తింటున్నా పదకొండు గంటలకు బిస్కెట్లు తప్పడం లేదు. అదీ మానేస్తే వాటి సంఖ్య పెరుగుతుంది, రాత్రి భోజనం ఇంకా భారీ అవుతుంది. అందువల్ల మీరు అల్పాహారం మానవద్దు, అందులోని పదార్థాలను మార్చండి.

ఉదయం 15 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు, 6 నుంచి 8 గ్రాముల పీచు అందేలా చూసుకోవడం మంచి లక్ష్యం. వినడానికి కష్టంగా అనిపించినా ఇది పది నిమిషాల్లో సమకూరేదే. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. పెనంలో ఒక చెంచా నూనె వేసి, తరిగిన ఉల్లిపాయ, టమాటా, గుప్పెడు ఆకుకూర మగ్గించండి. నీరు ఇగిరిన తర్వాత రెండు గుడ్లు కొట్టి కలిపి, సన్నని మంట మీద గట్టిపడనివ్వండి. దీనికి ఒక ముతకపిండి బ్రెడ్ ముక్క, చిన్న కప్పు చప్పటి పెరుగు తోడైతే ఆ పూటకు సరిపోతుంది. కూరగాయలను ముందురోజు రాత్రే తరిగి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకుంటే ఉదయం పొయ్యి దగ్గర గడిపే సమయం ఇంకా తగ్గుతుంది.

గుడ్లు తిననివారికి, తినేవారికి కూడా, నేను మొదట సూచించేది ఉడికించిన పప్పుధాన్యాలనే. ఉడికిన పప్పుధాన్యాలు 100 గ్రాముల్లో సుమారు 8 లేదా 9 గ్రాముల మాంసకృత్తులు, దాదాపు అంతే పీచు ఉంటాయి. ఉదయం వీటిని తింటే ఆ పూటతో పాటు మధ్యాహ్న భోజనం తర్వాత కూడా గ్లూకోజ్ పెరుగుదల కొంత తక్కువగా ఉంటుందని పరిశోధనల్లో గమనించారు. రాత్రి నానబెట్టి, మరుసటి రోజు ఒకేసారి మెత్తగా ఉడికించి, చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మూడు రోజుల వరకు వాడుకోవచ్చు. ఉదయం తగినంత తీసుకుని వేడి చేసి, దోసకాయ, టమాటా, ఉల్లి ముక్కలు కలిపి నిమ్మరసం పిండుకుంటే చాలు. నిమ్మరసంలోని విటమిన్ సి వల్ల పప్పుధాన్యాల్లోని ఇనుము శరీరానికి బాగా ఒంటబడుతుంది. భోజనంతో పాటే టీ తాగితే ఇనుము అందడం తగ్గుతుంది కాబట్టి రెండింటి మధ్య గంటైనా విరామం ఉండనివ్వండి. పీచును ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరించవచ్చు, కనుక మొదటి వారం సగం పరిమాణంతో ప్రారంభించి, నీళ్లు తగినంత తాగండి.

ఓట్స్ మంచివే. అయితే ఏ రకం కొంటున్నారనేది చూడాలి. పొట్లం మీద పదార్థాల వివరాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా ముద్రిస్తారు. ఆ వరుసలో ఓట్స్ తర్వాత రెండో పేరే చక్కెర అయితే దాన్ని తిరిగి పెట్టేయండి. ఏ రుచీ కలపని ఓట్స్ 40 గ్రాములు పాలలో ఉడికించి, చక్కెరకు బదులు యాపిల్ ముక్కలు, గుప్పెడు గింజలు లేదా పలుకులు వేసుకోండి. తేనె, బెల్లం సహజమైనవని కొందరు ధారాళంగా వాడతారు. రక్తంలో గ్లూకోజ్ విషయంలో వాటినీ చక్కెరతో సమానంగానే చూడాలి. పండ్లరసం కంటే పండును నమిలి తినడం మేలు.

టీలో చక్కెరను ఒక్కసారిగా మానలేకపోతే వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి. నాలుక అలవాటు పడుతుంది. రోజు మొత్తం మీద విడిగా కలిపే చక్కెరలు, తేనె, పండ్లరసాల్లోని చక్కెరలు కలిపి 25 గ్రాములకు, అంటే సుమారు ఆరు చిన్న చెంచాలకు, మించకపోతే అదనపు మేలు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ జామ్, టీ, బిస్కెట్లు కలిసి మధ్యాహ్నానికి ముందే ఆ పరిమితిని దాటిస్తూ ఉండవచ్చు. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలి.

ఇక రాత్రి భోజనం. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే ముగించండి. ఇంటికి చేరేసరికి ఆలస్యమవుతుందనుకుంటే సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో పెరుగు, పండు లేదా ఉడికించిన పప్పుధాన్యాలు తినండి. విపరీతమైన ఆకలితో కూర్చోకపోతే రాత్రి పరిమాణం తనంతట తానే తగ్గుతుంది. పళ్లెంలో సగం కూరగాయలు, పావు భాగం పప్పు, గుడ్డు లేదా చేప, మిగిలిన పావు భాగం అన్నం లేదా ఇతర ధాన్యం ఉండాలి. కూరగాయలు, పప్పు ముందుగా తిని, ధాన్యాన్ని చివరకు ఉంచుకుంటే భోజనానంతరం గ్లూకోజ్ తక్కువగా పెరుగుతుంది. పప్పు, కూరగాయలు కలిపి ఉడికించిన చిక్కటి సూప్ మంచి ఎంపిక. మిగిలిన అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచి వేడి చేసుకోవడం మాత్రం వద్దు. అందులో పెరిగే కొన్ని సూక్ష్మజీవుల విషం వేడికి కూడా నశించదు. తిన్న తర్వాత పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడవండి.

భోజన వేళ మార్చి, తల వైపు మంచాన్ని కొద్దిగా ఎత్తు చేసుకుంటే ఛాతీలో మంట సాధారణంగా తగ్గుతుంది. మూడు నాలుగు వారాల్లో తగ్గకపోయినా, మింగడం కష్టమవుతున్నా వైద్యుణ్ని కలవండి. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో ఛాతీలో మంట, బరువు వచ్చినా, దానితో పాటు చెమట, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి ఉన్నా, దాన్ని ఎసిడిటీ అనుకుని మాత్ర వేసుకుని ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇదే ఆహారం ఇంట్లో అందరికీ వండుతారు కాబట్టి ఒక హెచ్చరిక అవసరం. మధుమేహానికి ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు భోజన వేళలను, అన్నం పరిమాణాన్ని సొంతంగా మార్చుకుంటే గ్లూకోజ్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాంసకృత్తులు పెంచే ముందు తమ వైద్యుణ్ని అడగాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు దాన్ని ఖాళీ కడుపుతో, అల్పాహారానికి అరగంట నుంచి గంట ముందు మంచినీళ్లతోనే వేసుకోవాలి.

హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటును చూపుతుంది. కాబట్టి ఈ మార్పులు చేసిన మూడు నెలలకు పరీక్ష మళ్లీ చేయించుకోండి. ఈలోగా అతిదాహం, తరచూ మూత్రవిసర్జన, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే అప్పటిదాకా ఆగవలసిన పని లేదు. ఆ వారంలోనే పరీక్ష చేయించుకోండి.