నుదుటిపై పెట్టుకునే పరికరంతో టెన్షన్ తలనొప్పి తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. రెండేళ్లుగా నెలలో సగానికి పైగా రోజులు తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు నొప్పి ఉంటోంది. వాంతులు లేవు. సాయంత్రానికి మెడ, భుజాలు పట్టేస్తాయి. స్కానింగ్‌లో లోపమేమీ లేదన్నారు. దాదాపు రోజూ నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. నుదుటికి అంటించుకుంటే నరాలకు సన్నని విద్యుత్తు పంపే పరికరం ఉందని విన్నాను. నాకు పనిచేస్తుందా?

జవాబు: మీ లక్షణాలు దీర్ఘకాలిక టెన్షన్ తలనొప్పినే సూచిస్తున్నాయి. నెలకు 15 రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలకు పైగా నొప్పి వస్తుంటే దీర్ఘకాలికమంటాము. పేరులో టెన్షన్ ఉన్నంత మాత్రాన ఇది మీరు ఊహించుకుంటున్న నొప్పి కాదు. తల, మెడ కండరాల నుంచి పదేపదే వచ్చే సంకేతాల వల్ల నాడీ వ్యవస్థ క్రమంగా సున్నితమై, మామూలు ఒత్తిడిని కూడా నొప్పిగానే గుర్తించడం మొదలుపెడుతుంది.

మీరు విన్న పరికరం కనుబొమల పైనున్న నరాన్ని చర్మం మీది నుంచే ప్రేరేపిస్తుంది. ముఖం నుంచి వచ్చే నరాలూ, మెడ వెనుక నుంచి వచ్చే నరాలూ మెదడు కాండం దిగువన ఒకే చోట కలుస్తాయి కాబట్టి, అక్కడికి నొప్పి లేని సంకేతాలను పంపి నొప్పి సంకేతాలను అడ్డుకోవచ్చన్నది దీని వెనకున్న ఆలోచన. నొప్పి సంకేతాలు దాటే దారిని ఒక ద్వారంలా మూయవచ్చంటూ 1965లో పరిశోధకులు మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన 'ద్వార' సిద్ధాంతమే దీనికి పునాది. పెట్టుకోగానే నుదుటిపై చీమలు పాకినట్టు అనిపిస్తుంది, తీవ్రత పెరిగేకొద్దీ అది బిగువుగా మారుతుంది. కొందరు దాన్ని భరించలేక మానేస్తారు. చర్మం ఎర్రబడటం, మగతగా ఉండటం తప్ప పెద్ద హాని అరుదు.

అయితే ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఇటువంటి పరికరానికి అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో అనుమతిచ్చింది మైగ్రేన్ నివారణకు, రోజుకు 20 నిమిషాల వాడకానికి. టెన్షన్ తలనొప్పిపై జరిగిన పరిశోధనలు కొద్దిపాటివి, చిన్నవి. పైగా అసలు ప్రేరణ చర్మానికి తెలిసిపోతుంది కనుక, ఉత్తుత్తి పరికరంతో పోల్చి చూడటం కూడా తేలిక కాదు. అందువల్ల దీన్ని మొదటి చికిత్సగా నేను సూచించను.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీ రోజువారీ మాత్ర. మామూలు నొప్పి మాత్రలను నెలకు 15 రోజులకు పైగా, నెలల తరబడి వేసుకుంటే ఆ మాత్రలే తలనొప్పిని నిలబెడతాయి. ముందుగా గోడ క్యాలెండరు మీద నొప్పి వచ్చిన రోజుకు ఒక గీత, మాత్ర వేసుకున్న రోజుకు ఒక చుక్క పెట్టండి. నెల తర్వాత దాన్ని పట్టుకుని నాడీ వైద్యుని కలవండి. మాత్రలు ఆపిన తొలి రోజుల్లో నొప్పి పెరగవచ్చు కనుక ఆయన పర్యవేక్షణ అవసరం. రాత్రిపూట తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ అనే మందు, మెడకు వ్యాయామాలు, కండరాలను వదులు చేసే సాధన చాలామందికి మేలు చేస్తాయి.

ఇవి చేశాక కూడా నొప్పి మిగిలితే పరికరాన్ని అదనంగా రెండు మూడు నెలలు వాడి, క్యాలెండరులో గీతలు తగ్గాయో లేదో చూడండి, తగ్గకపోతే ఆపేయండి. పేస్‌మేకర్ గానీ, తలలో లోహపు అమరికలు గానీ ఉన్నవారు దీన్ని వాడకూడదు. కండరాల నొప్పికి చర్మం మీది నుంచి విద్యుత్తు పంపే మామూలు టెన్స్ యంత్రాన్ని నుదుటికో, మెడ ముందు భాగానికో సొంతంగా పెట్టుకోవద్దు.