‘వైదొలగు వార్తలు’ అనొచ్చా?

సందేహం: బ్రిటన్‌లో టీవీ వార్తలు ఎలా నడుస్తాయో చెప్పే ఒక ఇంగ్లిషు వ్యాసాన్ని పత్రిక కోసం తెలుగు చేస్తున్నాను. అందులో ‘లోకల్ ఆప్ట్-ఔట్ బులెటిన్’ అన్న మాట అడుగడుగునా వస్తోంది. నేను ‘స్థానిక వైదొలగు సంచిక’ అని రాశాను. మా ఎడిటర్‌గారు ‘నిష్క్రమణ వార్తలు’ అని దిద్దారు. రెండూ చదువుతుంటే నాకే ఏదోలా ఉంది. దీనికి తెలుగులో మాట ఉందా, ఇంగ్లిషు మాటే ఉంచేయాలా? పనిలో పనిగా, ‘వైదొలగిన’ సరైనదా, ‘వైదొలిగిన’ సరైనదా? – ఒక అనువాదకురాలు

సమాధానం: ‘నిష్క్రమణ వార్తలు’ అనగానే నాకు పేపర్లో శ్రద్ధాంజలి ఫొటోలు వేసే పేజీ గుర్తొచ్చిందమ్మా. ఈ సంగతి మీ ఎడిటర్‌గారికి చెప్పకండి. తప్పు ఆయనది కాదు. ఓడి ఇంటిదారి పట్టిన క్రికెట్ జట్లకూ, లోకం విడిచిన పెద్దలకూ వాడి వాడి ఆ మాటను మనమే అలా చేశాం.

మీరు రాసింది అంత అన్యాయంగా లేదు. కానీ అందులో ఇంకో చిక్కుంది. మీరు పంపిన అనువాదంలోని ఈ వాక్యం చూడండి (‘సౌత్ టుడే’, ‘లుక్ ఈస్ట్’ అన్నవి బీబీసీ ప్రాంతీయ వార్తల పేర్లు): “2022 డిసెంబరులో బీబీసీ ‘సౌత్ టుడే’, ‘లుక్ ఈస్ట్’ల నుంచి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వైదొలగు సంచికలను తొలగించింది.” ఒకటికి రెండుసార్లు చదివినా, ఆక్స్‌ఫర్డూ కేంబ్రిడ్జీ ఏదో గొడవపడి బయటికి వెళ్లిపోయాయనే అనిపిస్తుంది. జరిగింది దానికి తలకిందులు. అక్కడి వార్తలు విడిగా రావడం మానేసి, పెద్ద ప్రాంతపు వార్తల్లో కలిసిపోయాయి. మాట తేడా వస్తే వాక్యం అందం చెడుతుందంటారు గానీ, ఇక్కడ ఏకంగా వార్తే తిరగబడింది.

అసలు పని ఎలా జరుగుతుందో ముందు కళ్లముందు పెట్టుకుందాం. బీబీసీ వన్ చానల్లో సాయంత్రం లండన్ నుంచి దేశమంతటికీ వార్తలు వస్తాయి. అవి కాగానే ఎక్కడికక్కడ ప్రాంతీయ వార్తలు. దక్షిణ ఇంగ్లండ్‌కు సౌతాంప్టన్ నుంచి ‘సౌత్ టుడే’, తూర్పు వైపుకు నారిచ్ నుంచి ‘లుక్ ఈస్ట్’. (మీరు ‘నార్విచ్’ అని రాశారు. అందులో డబ్ల్యూ కనిపించడానికే గానీ పలకడానికి కాదు.) అయితే సౌతాంప్టన్ ఓడరేవు. ఆక్స్‌ఫర్డ్ సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న ఊరు. రేవులో ఏం జరిగిందో ఆక్స్‌ఫర్డ్ వాళ్లకు అంత పట్టదు. అందుకని అక్కడి ప్రేక్షకులకు సౌతాంప్టన్ ప్రసారం ఆపి, ఆక్స్‌ఫర్డ్ స్టూడియో తన వార్తలు తాను చదివేది. అవి అయ్యాక మళ్లీ పెద్ద ప్రసారంలో కలిసేది. ఆ కాసేపు పక్కకు తప్పుకోవడమే ఆప్ట్-ఔట్. నారిచ్‌కు కేంబ్రిడ్జ్ కూడా అలాంటిదే. 2022 మే నెలలో ఈ రెండు విడి వార్తలనూ ఆపేస్తామని బీబీసీ ప్రకటించింది, డిసెంబరులో ఆపేసింది. ఇప్పుడు ఆ రెండు చోట్లా కనిపించేది సౌతాంప్టన్, నారిచ్ వార్తలే.

ఇందులో ‘కాసేపు’ అన్నది ప్రాణం. ‘వైదొలగు’లో అదే లేదు. మనం ఆ మాట ఎక్కడెక్కడ వాడతామో చూడండి: అభ్యర్థి పోటీ నుంచి వైదొలగుతాడు, మంత్రి పదవి నుంచి వైదొలగుతాడు, జడ్జిగారు కేసు విచారణ నుంచి వైదొలగుతారు. వీళ్లెవరూ అరగంట తర్వాత తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చోరు. పైగా ఆ మాటలో ఎంతో కొంత అలకో, అభ్యంతరమో ఉంటుంది. రోజూ సాయంత్రం వెళ్లి, వార్తలు చదివి, బుద్ధిగా తిరిగొచ్చే స్టూడియోకి అది నప్పదు.

ఇంగ్లిషులో ఒకే మాటగా కనిపించేది తెలుగులో ఒకే మాట కానక్కర్లేదు. డెన్మార్క్ ఐరోపా సమాఖ్యలో ఉంటూనే దాని రక్షణ విధానానికి ఏళ్ల తరబడి దూరంగా ఉండి, 2022 జూన్‌లో రెఫరెండం పెట్టి ఆ దూరాన్ని వదులుకుంది. అక్కడ ఆప్ట్-ఔట్ అంటే ‘మినహాయింపు’. వేల్స్‌లో 2015 డిసెంబరు నుంచీ, ఇంగ్లండ్‌లో 2020 మే నుంచీ అవయవదానం చట్టం మారింది. వయోజనులు ఎవరైనా తాము వద్దని చెప్పకపోతే దానానికి ఒప్పుకున్నట్టే లెక్క. అక్కడ అదే మాటకు ‘వద్దని నమోదు చేసుకోవడం’ అనాలి. ఫోన్‌కు వచ్చే ప్రకటనల మెసేజ్‌ల విషయంలో ‘ఆపేయమనడం’ చాలు. నిఘంటువులో ఆప్ట్-ఔట్ ఎదురుగా ఉన్న మొదటి అర్థాన్ని పట్టుకుని అన్నిచోట్లా అదే దింపితే, ప్రసారం రాజీనామా చేస్తుంది, అవయవం పోటీ నుంచి తప్పుకుంటుంది.

ఆప్ట్-ఔట్ కంట్రోల్ రూములో పుట్టిన మాట. అక్కడ మీటల ముందు కూర్చున్నవాళ్లకు కేంద్ర ప్రసారమే అసలుది. ఎవరైనా దాన్నుంచి తప్పుకుంటే అది ‘ఔట్’. ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకు ఎవరూ ఎక్కడి నుంచీ వెళ్లినట్టుండదు. వాళ్లకు వార్తలు తమ దగ్గరికే వచ్చాయి. బ్రిటన్ టీవీ వాళ్లు కూడా తెర మీద ప్రేక్షకుడితో ‘ఇప్పుడు ఆప్ట్-ఔట్’ అనరు. ‘న్యూస్ వేర్ యు ఆర్’ అంటారు, అంటే మీరున్న చోటి వార్తలు. కాబట్టి మీ వ్యాసంలో రెండు మాటలు కావాలి, చెప్పేది గది లోపలి సంగతా, ఇంటి సంగతా అన్నదాన్ని బట్టి.

మన దగ్గరా ఈ తేడా ఉంది. రేడియో వినేవాళ్లకు ‘రిలే’ అన్న మాట బాగా తెలుసు. ఢిల్లీ కేంద్రం వార్తలను మన కేంద్రాలు రిలే చేస్తాయి. కలవడానికి అలా పేరుంది. విడివడటానికి శ్రోతల నోట పేరు పుట్టలేదు, దాని అవసరం వాళ్లకు రాలేదు గనుక. దూరదర్శన్‌లో 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమం మొదలయ్యాక రోజూ కొంతసేపు హైదరాబాద్, కొంతసేపు ఢిల్లీ. ఆ రోజుల్లో ఇళ్లలో ‘తెలుగు ప్రోగ్రామ్ అయిపోయింది, ఇక ఢిల్లీ’ అనేవాళ్లే గానీ ఎవరు ఎవరి నుంచి తప్పుకున్నారని ఎవరూ అనుకోలేదు. పత్రికల్లో జిల్లా అనుబంధాలు వచ్చాకా అంతే. విలేకరిని వార్త ఇచ్చినాయన అడిగేది ‘మెయిన్‌లో పడిందా, మినీలో పడిందా?’ అని. ఎక్కడ పడిందన్నదే ప్రశ్న.

అందుకని కంట్రోల్ రూము సంగతి చెప్పేచోట నా ఓటు ‘విడి’ అన్న మాటకు. విడి ప్రసారం, విడి వార్తలు, విడి బులెటిన్. విడిభాగాలు, విడికాగితాలు, విడిపూలు అంటున్నాం కదా. విడిగా ఉన్నాయి, కావాలంటే కలుస్తాయి. అందులో అలక లేదు, శాశ్వతం అన్న భావమూ లేదు. మొదటిసారి వచ్చినచోట ‘విడి ప్రసారం, అక్కడి టీవీవాళ్ల భాషలో ఆప్ట్-ఔట్’ అని ఒక్కసారి చెప్పి, తర్వాత ‘విడి ప్రసారం’తో సాగిపోండి. ఇంగ్లిషు మాటను చివరిదాకా మోయక్కర్లేదు. నాకు మొదట ‘పాయ’ అని కూడా తోచింది. లంక దగ్గర నది పాయలుగా చీలి, లంక దాటగానే మళ్లీ ఒకటవుతుంది. పోలిక అచ్చంగా కుదిరింది. కానీ ‘పాయ వార్తలు’ అని రాస్తే ఉల్లిపాయల ధర పెరిగిందనుకుంటారని ఆగిపోయాను. ఇక ‘సంచిక’ వద్దు. సంచిక పత్రికకు ఉంటుంది. టీవీ వార్తలకు ‘బులెటిన్’ ఇప్పుడు తెలుగు మాటే. ఆసుపత్రి వాళ్లు హెల్త్ బులెటిన్ విడుదల చేస్తే ఎవరూ అర్థం అడగడం లేదు.

‘ప్రాంతీయ’, ‘స్థానిక’ గురించి మీరు అడగలేదు గానీ, అక్కడా జారే వీలుంది. మన చెవికి ‘ప్రాంతీయ’ అంటే కనీసం ఒక రాష్ట్రం. ప్రాంతీయ పార్టీ, ప్రాంతీయ భాష అన్నప్పుడు కోట్ల మంది లెక్కలో ఉంటారు. ‘ప్రాంతీయ చానల్’ అంటే తెలుగు చానల్ అనుకుంటారు. బ్రిటన్‌లో అదే మాటకు అర్థం కొన్ని కౌంటీల (అక్కడి పాలనా విభాగాల) పాటి నేల. భాష అదే, దేశం అదే, వార్తల పరిధి మాత్రం చిన్నది. ఒక్కసారి ‘కొన్ని కౌంటీలకు కలిపి వచ్చే ప్రాంతీయ వార్తలు’ అని రాస్తే పాఠకుడికి కొలత తెలుస్తుంది. ‘కౌంటీ’ని జిల్లా చేయకండి. కలెక్టరు ఎవరని అడుగుతారు. ‘స్థానిక’ పర్వాలేదు. ‘లోకల్ వార్తలు’ అన్నా నాకు అభ్యంతరం లేదు. మన దగ్గర లోకల్, నాన్-లోకల్ అనగానే ఉద్యోగాలూ సీట్లూ గుర్తొచ్చి కొంతమందికి టెన్షన్ మొదలవుతుంది, అంతే.

ఇప్పుడు ఇంటి వైపు మాట. ‘మీరున్న చోటి వార్తలు’ అన్నదాన్ని ఎవరి నోట పెడుతున్నారన్నది చూసుకోవాలి. ఇంగ్లిషులో లేని వసతి ఒకటి మనకుంది: ‘మా’ వేరు, ‘మన’ వేరు. లండన్ స్టూడియోలో యాంకర్ అప్పగింత చెబుతూ ‘ఇప్పుడు మీ ప్రాంత వార్తలు’ అనాలి. ఆ ప్రాంతం యాంకర్ అందుకుని ‘మన ప్రాంత వార్తలు’ అనాలి. ఆమె గనక ‘మా ప్రాంత వార్తలు’ అందో, చూసేవాడిని గుమ్మం బయట నిలబెట్టినట్టే. పక్కూరి మనిషితో ‘మా ఊళ్లో వాన’ అంటాం, సొంతూరి మనిషితో ‘మన ఊళ్లో వాన’ అంటాం. మూడేళ్ల పిల్లలకు కూడా ఎవరూ నేర్పకుండా వచ్చే ఈ తేడా, అనువాదంలో ‘అవర్’ కనబడగానే పెద్దవాళ్లకు పోతుంది. అదే యాంకర్ రెండు క్షణాల తర్వాత ‘మా ప్రతినిధి అందిస్తారు’ అంటుంది. అది సరైనదే, ప్రతినిధి చానల్ మనిషి గనుక. ఒకే నోట, ఒకే నిమిషంలో, ‘మన’ ప్రాంతమూ ‘మా’ ప్రతినిధీ.

మీ వ్యాసం రెండో పేజీలో జెర్సీ, గెర్న్సీ దీవుల ప్రస్తావన ఉంది. నైరుతి ఇంగ్లండ్‌కు ప్లిమత్ నుంచి వచ్చే ‘స్పాట్‌లైట్’ నుంచి విడిగా ఆ దీవులకు జెర్సీ వార్తలు. అక్కడ మీరు ‘మన దేశంలోని దీవులు’ అని లండన్ మనిషి నోట పెట్టారు. ఆ దీవులు బ్రిటిష్ రాచరికం కిందివే గానీ యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కావు. ‘మన’ అక్కడ చెల్లదు. తీసేయండి.

గొడవ తెచ్చిన వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “బీబీసీ ప్రాంతీయ వార్తల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రేక్షకుల కోసం విడిగా వార్తలు వచ్చేవి. 2022 డిసెంబరులో వాటిని ఆపేశారు. అప్పటి నుంచి ఆక్స్‌ఫర్డ్ వాళ్లూ సౌతాంప్టన్ వార్తలే, కేంబ్రిడ్జ్ వాళ్లూ నారిచ్ వార్తలే చూస్తున్నారు.” ఒక వాక్యం మూడయింది. కానివ్వండి. ఇంగ్లిషులో ఒక్క ఆప్ట్-ఔట్ మోస్తున్న బరువును తెలుగులో క్రియలకు పంచాలి. ‘తొలగించింది’ కన్నా ‘ఆపేశారు’ మేలు. రోజూ వచ్చే వార్తలు ఆగుతాయి, తొలగవు.

ఇక మీ రెండో సందేహం. నడిమి అచ్చు ‘ఉ’ అయితే భూతకాలంలో అది ‘ఇ’ అవుతుంది: అడుగు – అడిగిన, కదులు – కదిలిన, వెలుగు – వెలిగిన. ‘తొలగు’లో నడిమి అచ్చు ‘అ’. కాబట్టి ‘తొలగిన’, ‘వైదొలగిన’ అన్నవే పద్ధతి ప్రకారం వచ్చే రూపాలు. మాట్లాడేటప్పుడు అడిగిన, వెలిగిన వరసలో పడి ‘వైదొలిగిన’ అంటాం. పత్రికల్లోనూ అది స్థిరపడింది. నేను రాసేటప్పుడు ‘గ’కు ముందు లకారానికి గుడి పెట్టను. మీరు పెడితే దిద్దను. ఈ వ్యాసంలో మాత్రం ఎలాగూ మీకు దాని అవసరం లేదు.